ఎండబెట్టిన బురద

వడ్లగింజను పంటికింద పెట్టి కొరికితే దానిలో నీళ్లెంత ఉన్నాయో చెప్పగలను. జీవితంలో నేను శ్రద్ధగా నేర్చుకున్న విద్య ఇదొక్కటే. నిజామాబాద్ ధాన్యం గంజ్‌లో మా దుకాణం ముందు, బస్తాల మధ్య కూర్చోబెట్టి బాపు నేర్పాడు. గింజ టక్కున విరిగితే ఎండినట్టు, పంటికి అతుక్కుంటే పచ్చిగా ఉన్నట్టు. విరిగినా అతుక్కున్నా మొహం మాత్రం ఒకేలా చిట్లించాలి. అది రెండో పాఠం.

"నీళ్లకు పైసలిస్తమారా మనం?" అనేవాడు బాపు. "రైతు వడ్లతోటి నీళ్లు గూడ మోసుకొస్తడు. వడ్లు కొను, నీళ్లు వాపస్ పంపు."

నీళ్లు వాపస్ పంపడమంటే తరుగు తీయడం. తేమ పేరు చెప్పి బస్తాకు ఇంతని తూకంలో కోసుకోవడం. ఎనభైల చివర్లో బాపు చూపు మసకబారి దుకాణం నా చేతికి వచ్చేనాటికి ఈ కోతలో నేను ఆయన్ను దాటిపోయాను. ఆయన కొరికి కోసేవాడు. నేను కొరకకుండానే, బస్తా కుట్టు విప్పకముందే, గాలి పీల్చి "పచ్చి" అనేవాణ్ణి. గంజ్‌లో నన్ను చూసి మిగతావాళ్లు అసూయపడేవారని అప్పట్లో నా నమ్మకం. నవ్వుకునేవారని తరువాత తెలిసింది.

నా విద్యకు లొంగని మనిషి ఒక్కతే ఉండేది. మోస్రా దగ్గరి ఒక పల్లె నుంచి ఏటా రెండు పంటలకూ మా దుకాణానికే వడ్లు తెచ్చే అవ్వ. భర్త లేడు. సాగు కొడుకుది, బేరం మాత్రం ఆమెది. ట్రాక్టరులో బస్తాల మీద కూర్చుని వచ్చి, దిగుతూనే చీర కొంగుతో మొహం తుడుచుకుని, కయ్యానికి సిద్ధంగా నిలబడేది.

"పచ్చిగున్నయవ్వా."

"యాడ పచ్చిగున్నయిరా? నాలుగొద్దులు ఎండబోసిన."

"పంటికి అంటుకుంటున్నయి మరి."

"నీ నోట్లనే తడి ఉంది బిడ్డా. నోరు తుడుసుకోని మళ్ల కొరుకు."

హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వేవారు. నేను నోరు తుడుచుకుని మళ్లీ కొరికేవాణ్ణి. బస్తాకు రెండు కిలోలు అడిగి, ముప్పావు కిలో దగ్గర రాజీకొచ్చేవాళ్లం. ఆ ముప్పావు కిలో కోసం గంటన్నర పట్టేది. ఆ గంటన్నరలో ఆమె మూడు చాయలు తాగేది, మూడూ నా ఖర్చే. లెక్క వేస్తే నాకు మిగిలిందేమీ లేదు. అయినా పంట కోతల కాలం రాగానే ఆమె ట్రాక్టరు కోసం నేను రోడ్డువైపు చూసేవాణ్ణంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఆమె వడ్లలో ఒక్క రకాన్ని మాత్రం నేను ఏనాడూ కొనలేదు. ఆ కుటుంబానికి పొలం అడుగున, పల్లంలో ఒక చిన్న మడి ఉండేది. దిగువ మడి అనేవారు. దాని పక్కనే వాళ్లు చెరకు గానుగాడి బెల్లం వండే పొయ్యి. మరిగే రసం మీద తేలిన మడ్డిని గరిటెలతో తీసి పారబోస్తే, పెనం కడిగిన నీళ్లతో కలిసి అదంతా దిగువ మడిలోకి జారేది. బోరు నీళ్ల వల్ల ఎండాకాలంలోనూ ఆ మూల ఆరేది కాదు. నల్లటి బురద. కాలు పెడితే కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమనేది. అక్కడి వడ్లు ఎప్పుడూ ఆలస్యంగా పండేవి, ఎప్పుడూ పచ్చిగా ఉండేవి. నేను ముక్కు మూసుకుని, "ఇది మీరే తినుండ్రి" అనేవాణ్ణి. వాళ్లు అదే తినేవారు. మిగతా మళ్లలోని ఎండిన, టక్కుమనే గింజ నేను కొని, మరాడించి, ఊరికి అమ్మేవాణ్ణి. మా ఇంట్లోనూ అదే వండేవాళ్లం.

తొంభైల చివర్లో ఒక మేడమ్ గంజ్‌కు వచ్చింది. వ్యవసాయ పరిశోధన చేసే మనిషి. హైదరాబాద్ నుంచి వచ్చి దుకాణం దుకాణం తిరుగుతూ పిడికెడు బియ్యం అడుగుతోంది. ప్రతి పిడికెడూ ఒక చిన్న సంచిలో వేసి, ఏ ఊరి వడ్లో రాసుకుంటోంది.

"పిడికెడు పిడికెడు అని గంజంతా తిరిగితే మీ ఇంటికి నెల బియ్యం వచ్చేస్తాయి మేడమ్," అన్నాను.

"మీ పిడికిలితోనే ఇవ్వండి, నా పిడికిలి పెద్దది," అందామె నవ్వకుండా.

బేరం తెలిసిన మనిషి. ఇచ్చాను. రెండు నెలలకు ఆమె మళ్లీ వచ్చి, మా దుకాణం సంచులన్నీ బాగున్నాయనీ, ఒక్క ఊరి బియ్యంలో మాత్రం సీసం ఎక్కువగా ఉందనీ చెప్పింది. అవ్వ ఊరు.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో ఒప్పుకోవాలి. అవ్వ గురించి కాదు, ఆ బియ్యం తింటున్న మా పిల్లల గురించి కూడా కాదు. ఈ మాట గంజ్‌లో పొక్కితే నా సరుకు పేరు పోతుందని. అందుకే మేడమ్‌ను నా స్కూటర్ మీదే అవ్వ పొలానికి తీసుకెళ్లాను. తప్పు మా దగ్గర లేదని, నేల దగ్గరే ఉందని తేల్చుకుందామని.

నేల దగ్గరే ఉంది. పొలానికి ఎగువన, వాగు గట్టు మీద, ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టే రేకుల షెడ్డు ఉండేదట. ఎవరో బయటివాడు పెట్టి, కొన్నేళ్లు సీసం కరిగించుకుని, ఎత్తేసి పోయాడు. షెడ్డు పోయింది, పొగ పోయింది. మట్టిలో దిగినది దిగినట్టే ఉంది. వాన పడ్డప్పుడల్లా మళ్లలోకి వస్తూనే ఉంది.

మేడమ్ ఒక్కో మడి నుంచీ మట్టి, గింజ తీసుకుంది. పోతూ పోతూ దిగువ మడిలోనూ తీసుకుంది. "అది వద్దు మేడమ్, మురికి" అన్నాను. వినలేదు.

చలికాలంలో ఫలితాలతో వచ్చింది. అవ్వ ఇంటి వాకిట్లో అందరం కూర్చున్నాం. ఎగువ మళ్లన్నిటి గింజలోనూ సీసం ఉంది. అదే నీళ్లు తాగిన దిగువ మడి గింజలో దాదాపు లేదు.

అవ్వ మనుమరాలు అప్పుడు మూడేళ్ల పిల్ల. అవ్వ ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుని, "అంటే మా ఇంట్ల తిండి మంచిదేనా?" అని అడిగింది.

"మీరు తింటున్నది మంచిదే అవ్వా. అమ్ముతున్నదే..." అని మేడమ్ నా వైపు చూసింది. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

కారణం బురదలో ఉందంది మేడమ్. గాలి తగలని ఆ నల్ల బురదలో కంటికి కనబడని ప్రాణులు రకరకాలవి కలిసి బతుకుతున్నాయి. బెల్లం మడ్డి వాటికి తిండి. బ్యాటరీ యాసిడ్ వల్ల మట్టిలో చేరిన గంధకాన్ని అవి మార్చి, దానితో సీసాన్ని నల్లగా గట్టిపరుస్తాయి. అలా కట్టుబడ్డ సీసాన్ని వరివేరు తాగలేదు. ఆ కుళ్లిన గుడ్డు వాసన వాటి పనే. ఎవరూ తెచ్చి పెట్టినవి కావు, ఎన్నో ఏళ్లుగా అక్కడ వాటంతటవే కూడుకున్నవి.

"మరి గా బురద తీస్కపోయి పై మళ్లల్ల ఏస్తే?" అంది అవ్వ.

"అదే చూద్దామనుకుంటున్నాను. ముందు కుండీల్లో పెంచి, తరువాత ఒక్కో మడికీ."

"పాలల్ల తోడేసినట్టు."

"అచ్చంగా తోడే అవ్వా," అని మేడమ్ మొదటిసారి నవ్వింది.

ఆ తరువాత ఆమె చాలా చెప్పింది. బురదను ఎలా ఉంచాలో, ఎలా పంపాలో. అవ్వ విన్నది, కోడలు విన్నది. నేను వినలేదు. ఎందుకంటే అప్పుడు నేను పెరట్లో అవ్వ కొడుకుతో బెల్లం బేరంలో ఉన్నాను. రెండు ముద్దలు తక్కువకు ఇప్పించుకున్నాను కూడా. ఇంటికి తెచ్చి చూస్తే ఒకదాంట్లో ఇసుక.

ఎండాకాలం మొదట్లో మేడమ్ దుకాణానికి ఫోన్ చేసింది. అవ్వ ఊళ్లో ఫోన్ లేదు. బోరు ఎండిపోతోందని తెలిసిందట. తనకు పరీక్షల పని, కదలలేదు. "బురద తడిగా ఉన్నప్పుడే తవ్వించి, బస్సు పార్సిల్లో పంపించండి. ఆరిపోతే కష్టం," అంది. ఆరితే తవ్వడం కష్టమని నేను అర్థం చేసుకున్నాను. నిజమే కదా, గడ్డపార కావాలి.

కబురు పంపిన మూడో రోజు అవ్వ ఆటోలో వచ్చింది, మూడు నూనె డబ్బాలతో. మూల మూలంతా గీకి తెచ్చిందట. డబ్బాల నిండా బురద, బురద మీద జానెడు నీళ్లు, మూతల చుట్టూ మైనం. గుడ్డలో చుట్టి పసిపిల్లల్లా దించింది.

"ఇంక మడిల ఏం లేదు బిడ్డా, అంత ఈ డబ్బలల్లనే ఉంది. మూత తియ్యకు. నీళ్లు తగ్గనియ్యకు."

"నీళ్లెందుకవ్వా అన్ని? బురద మునిగిపోయింది."

"ఉండాలె. మేడమ్ సెప్పింది. నువ్వు ఇయ్యాల్నే పంపు."

"పంపుత. చాయ తాగుతవా?"

"నీ చాయ తాగుతే తరుగు తీస్తవు. ఆటో ఆగింది, పోవాలె."

ఆమె వెళ్లాక నేను డబ్బాల ముందు కూర్చుని నవ్వుకున్నాను. ఇన్నేళ్లూ నాకు నీళ్లు అమ్మాలని చూసిన మనిషి, ఆఖరికి డబ్బాల్లో పోసి మరీ తెచ్చింది! ఒక్కో డబ్బా ఎత్తితే నడుము పట్టేసేంత బరువు. బస్టాండులో పార్సిలాయన లోపల కదులుతున్న నీళ్ల చప్పుడు విని, "కారేటివి ఎయ్యం" అన్నాడు. వేసినా కిలోల లెక్కన వసూలు. అందులో ముప్పాతిక వంతు నీళ్లే. కిరాయి మేడమ్ ఇస్తానంది, నాది కాదు. అయినా నా తల్లోంచి బాపు గొంతు లేచింది.

డబ్బాలు వెనక్కి తెచ్చాను. మూతలు విప్పి, నీళ్లు మోరీలో పారబోసి, మా డాబా మీద పచ్చి వడ్లు ఆరబోసే టార్పాలిన్ పరిచి, బురదను పలచగా పరిపించాను. వీధంతా వాసన. కంఠేశ్వర్‌లో మా ఇంటి పక్కవాళ్లు ఏం చచ్చిందని అడిగితే "పరిశోధన" అన్నాను గొప్పగా. మూడు రోజుల ఎండ. రోజుకు రెండుసార్లు నేనే తిరగేశాను, పనివాళ్ల మీద నమ్మకం లేక. మొదటి రోజు సాయంత్రానికి నలుపు తగ్గింది. రెండో రోజుకు వాసన పోయింది. మూడో రోజుకు తుప్పు రంగు తిరిగింది. బాగుపడుతోందనుకున్నాను. గడ్డలు చితక్కొట్టి, రాళ్లూ వేళ్లూ ఏరి, జల్లెడ పట్టి, మా దుకాణం పేరున్న కొత్త గుడ్డసంచిలో పోసి కుట్టించాను. మూడు డబ్బాలది ఒక్క సంచి. పార్సిలాయన చేత్తో ఎత్తి బస్సు మీద వేశాడు. లోపల చీటీ పెట్టాను: 'శుభ్రం చేసి పంపుతున్నాను. తరుగు లేదు.'

ఆ చీటీ గుర్తొస్తే ఇప్పటికీ ఎక్కడున్నా తల దించుకుంటాను. భోజనం మధ్యలో కూడా.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది.

"మట్టి అందింది," అంది మేడమ్. "బురద ఎప్పుడు పంపుతున్నారు?"

"అదే మేడమ్ బురద. ఎండబెట్టాను."

లైను తెగిందేమోనని నేను "హలో, హలో" అన్నాను.

"ఎన్ని రోజులు?"

"మూడు రోజులు మేడమ్. మంచి ఎండ. చేత్తో పట్టుకుంటే ధూళిలా ఉంది."

"పొలంలో ఇంకా ఉందా?"

అప్పటికి నాకు సంగతి అర్థం కావడం మొదలైంది. స్కూటరేసుకుని పోయాను. దిగువ మడి మూల అరచేయి పట్టేంత నెర్రెలిచ్చి ఉంది. నల్లటిదంతా అవ్వ గీకి నాకే ఇచ్చింది. మిగిలిన కాస్తా ఆరిపోయింది. బోరు పూర్తిగా ఎండింది. చెరకు లేదు గనుక అవ్వ కొడుకు బెల్లం పెనం కూడా అమ్మేశాడు.

అవ్వ గట్టు మీద కూర్చుని ఉంది. చెప్పాను. దాచడానికి ఏదైనా దొరుకుతుందా అని దారి పొడుగునా వెతికాను. డబ్బాలు కారాయనో, బస్సువాడు పారేశాడనో. బేరగాడికి అబద్ధం దొరక్క పోదు. ఎందుకో ఆ రోజు నోరు తిరగలేదు.

ఆమె తిట్టలేదు.

"నీళ్లు తగ్గనియ్యకంటి గదరా."

"అన్నవ్."

"తోడు ఎండబోస్తరా ఎవ్వరన్న? మీ ఇంట్ల పెరుగు తోడెయ్యరా?"

వేస్తారు. మా ఆవిడ వేస్తుంది. ఆ గిన్నె వైపు నేనెప్పుడూ చూసింది లేదు, తినేటప్పుడు తప్ప.

వానాకాలంలో మేడమ్ వచ్చింది. నేను పంపిన మట్టిని నీళ్లలో నానబెట్టి, బెల్లం పోసి, గాలి తగలకుండా గాజు సీసాల్లో నెలల తరబడి చూసిందట. కొన్ని ప్రాణులు లేచాయి. కానీ ఆ గుంపు గుంపుగా రాలేదు. ఒకటి వదిలింది తిని ఇంకొకటి బతికే సంసారం అది, నలుగురే లేస్తే ఇల్లు నిలబడదంది. సీసం మునుపటిలా కట్టుబడలేదు. మడిలో మళ్లీ నీళ్లు నిలబెట్టి, మడ్డి తెచ్చి పోసి, కొన్నేళ్లు ఓపిక పడితే రావచ్చు, రాకపోవచ్చు. ఆమె పరిశోధనకు అన్నేళ్ల గడువు లేదు. వెళ్తూ నన్ను ఒక్క మాట అనలేదు. "నేనే స్వయంగా రావలసింది," అంది. తప్పు ఒప్పుకునే మాట నాది, ఆమె తీసుకుపోయింది.

ఆ ఏడు దిగువ మడిలో పండిన గింజలోనూ సీసం వచ్చింది. ఆరి గాలి తగిలితే కట్టుబడ్డది కూడా విడిపోతుందట. అవ్వ ఇంటి తిండి, నేను ముక్కు మూసుకుని "మీరే తినుండ్రి" అన్న తిండి, లేకుండా పోయింది.

ఆ పంటకు అవ్వ వడ్లేవీ ట్రాక్టరులో మా దుకాణానికి రాలేదు. వేరే దుకాణానికి అమ్మిందేమోనని గంజంతా వాకబు చేశాను. ఎక్కడా అమ్మలేదు. నేను వెళ్లి అడిగితే, "నా మనుమరాలికి పెట్టొద్దన్న వడ్లు మంది పిల్లలకు అమ్మాల్నా?" అంది. ఇన్నేళ్లూ అదే అమ్మినవాణ్ణి నేను. మరుసటేడు ఆ మళ్లన్నిటిలో బంతి పెట్టారు. బంతిపూలు ఎవరూ తినరని అవ్వ లెక్క. దసరా ముందర ఆ పొలం చూడటానికి చాలా అందంగా ఉండేది. నేను రెండుసార్లే చూశాను.

ఆ దసరాకే అవ్వ దుకాణానికి వచ్చింది. పూలు దించి, ఖాళీ ఆటోలో. ఆమె దిగడం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. హమాలీలు కూడా పని ఆపి చూశారు.

"బియ్యం కావాలె," అంది.

నలభై ఏళ్లు వరి పండించిన మనిషి నా దుకాణంలో బియ్యం అడగడం అదే మొదటిసారి. సన్నబియ్యం సంచి విప్పి, ఇది ముప్కాల్ వైపు వడ్లు అవ్వా, అక్కడ షెడ్లేమీ లేవు, మేడమ్ పరీక్ష చేసిన ఊరే అని చెప్పాను. ఆమె నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుని కొరికింది. టక్కుమంది.

ధర చెప్పాను. అసలు ధర కాదు. దానిపైన బాగా పెంచి, ఆమె కోసమని కావాలనే పెంచి చెప్పాను. తగ్గించమని అడుగుతుంది, నేను కాదంటాను, చాయ వస్తుంది, నా నోటిని గురించి ఏదో అంటుంది, గంటన్నర గడుస్తుంది, ఆఖరికి కొన్న ధరకే, కాదు, ఉత్తగానే ఇస్తానని మనసులో అనుకున్నాను.

అవ్వ కొంగుముడి విప్పింది.

"అవ్వా, ఎక్కువ చెప్పిన," అన్నాను. "అడుగు."

"నువ్వు సెప్పిందే ఇస్త."

"చాయ తాగుదాం. కూసో."

"ఆటో ఆగింది," అంది.

నేను చెప్పిన ధరే, నయాపైసా తగ్గకుండా, తూకం పళ్లెంలో పెట్టింది. హమాలీ సంచి ఆటోలో వేశాడు. ఎవరూ నవ్వలేదు. ఆటో గంజ్ మలుపు తిరిగేదాకా నేను ఆమె కొరికి ఉమ్మేసిన నాలుగు గింజలను చూస్తూ నిలబడ్డాను. బాగా ఎండిన బియ్యం. చుక్క నీరు లేదు.